ఇసుక మీద స్లాలమ్

దమ్మామ్,
అక్టోబరు మొదటి వారం

ఫౌజియా ఖాలా,

అస్సలాము అలైకుం. ఫోన్‌లో ఎప్పుడడిగినా "బాగున్నా" తప్ప ఇంకో ముక్క చెప్పనని కోప్పడ్డావు కదా, అందుకే కాగితం తీశాను. నువ్వు నేర్పిన తెలుగే ఇది, తప్పులుంటే బాధ్యత నీదే. ఈ ఉత్తరం మహబూబ్ సుభాని మామ తెస్తాడు. ఆయన నడిపే కంపెనీ బస్సు గురువారాలు రియాద్ వస్తుందట. మీ ఆసుపత్రి గేటు దగ్గర ఇచ్చేస్తానన్నాడు.

అసలు సంగతి వినాలి. ఈ సీజన్‌లో నేను నిజమైన పోటీకి దిగుతున్నాను.

జుమానా మేడం గురించి నీకు చెప్పాను. ధహ్రాన్‌లో ఒక స్కూల్లో ఆటల టీచరు, లెబనాన్ కొండల్లో పుట్టింది, ఒకప్పుడు మంచు మీద జారే స్కీ పోటీల్లో పాల్గొన్న మనిషి. సముద్రం ఒడ్డున కార్నిష్ మీద చక్రాల బూట్లతో తిరుగుతున్న నన్ను ఆపి, "ఇలా మోకాళ్లు వంచడం నీకెవరు నేర్పారు?" అని అడిగింది. ఎవరూ నేర్పలేదన్నాను. "అయితే మిగతాది నేను నేర్పుతాను" అంది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పొద్దున్నే హాఫ్ మూన్ బే దగ్గరి ఇసుక దిబ్బల మీద పాత స్కీలు కట్టుకుని దిగుతున్నాం. ఇసుక జారదు ఖాలా, పట్టుకుంటుంది. కాళ్లతో బతిమాలుకుంటే గానీ వదలదు. కిందటి సెలవుల్లో దుబాయిలో మాల్ లోపలి మంచు వాలు మీదికి తీసుకెళ్లినప్పుడు, ఆ మంచు నాకు ఎంత సులువనిపించిందో చెప్పలేను.

నా పోటీ పేరు స్లాలమ్. వాలంతా కడ్డీలు పాతుతారు, ఒకటి ఎర్రది, ఒకటి నీలం. వాటి చుట్టూ మెలికలు తిరుగుతూ ఒక్కటి కూడా వదలకుండా కిందికి రావాలి. అలా రెండుసార్లు దిగాలి, రెండు సమయాలూ కలుపుతారు. డిసెంబరులో దుబాయిలో ఒక రేసుంది. అందులో బాగా చేస్తే ఫిబ్రవరిలో కాశ్మీరులోని గుల్మార్గ్‌లో జరిగే జూనియర్ జాతీయ పోటీలో ముందు వరుసలో బయలుదేరవచ్చు. ముందు దిగేవాళ్లకు మంచు నున్నగా ఉంటుంది. వెనకవాళ్లకు ముందువాళ్ల స్కీలు కోసిన గాళ్లు, గుంతలు మిగులుతాయి.

అబ్బా సరేనన్నాడు. అమ్మీ సంగతి తెలుసు కదా, ఒక్కసారి కూడా దిబ్బల దగ్గరికి రాలేదు. రమ్మంటే, "కాలు ఇరిగినాక ఎట్లాగూ జూస్తా గదా, ఇప్పుడెందుకు?" అంటుంది. నువ్వు ఒక్క మాట చెప్పు ఖాలా. నువ్వు చెబితే వింటుంది.

నీ
ఇష్రత్


రియాద్,
అక్టోబరు మూడో వారం

ఇష్రత్ బేటీ,

వాలైకుం అస్సలాం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నాతో గదిలో ఉండే ఆసిఫాకు చదివి వినిపించాను. కర్నూలు పిల్ల, మా వార్డులోనే నర్సు. "ఇసుకలో స్కీయింగా? మీ ప్రొద్దుటూరోళ్లకు యాడా నిలకడ లేదబ్బా" అని ఒకటే నవ్వు.

మీ అమ్మీతో మాట్లాడాను. గంటసేపు నా మాటలు విని, చివరికి "నువ్వు దాని పక్కనా, నా పక్కనా?" అంది. దాని పక్కనే అక్కా అన్నాను. ఫోన్ పెట్టేసింది. మర్నాడు తనే చేసి, దానికి వెచ్చటి లోపలి బట్టలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. దానర్థం నువ్వే చూసుకో.

నా వైపు నుంచి ఒకే ఒక షరతు. నేను రోజంతా మోకాళ్లతో గడిపే ఫిజియోథెరపిస్టుని. ఫుట్‌బాల్ ఆడి విరగ్గొట్టుకున్నవాళ్లు, నిచ్చెన మీంచి పడ్డవాళ్లు, మెట్లు దిగలేని ముసలమ్మలు, అందరూ నా బల్ల మీదికే వస్తారు. వాళ్లలో సగం మంది నొప్పి మొదలైన రోజే వచ్చుంటే నా అవసరమే ఉండేది కాదు. కాబట్టి ఒంట్లో ఎక్కడ ఏం తేడా వచ్చినా మొదట నాకు చెప్పాలి. మీ మేడం కంటే ముందు, అమ్మీ కంటే ముందు. మాట ఇస్తావా?

ఫౌజియా ఖాలా


దమ్మామ్,
నవంబరు

ఖాలా,

మాట ఇచ్చేశాను, ఇంక అడగొద్దు.

ఇక్కడ అంతా బ్రహ్మాండంగా ఉంది. వేడి తగ్గింది, దిబ్బల మీద గాలి హాయిగా ఉంది. మేడం వెదురు కడ్డీలు తెచ్చి నిజమైన రేసులోలాగే పాతింది. ఈ రెండు వారాలు నేను ఎక్కువగా పైన నిలబడి చిన్న పిల్లలు దిగుతుంటే తప్పులు చెబుతున్నాను. అది కూడా శిక్షణే అంటుంది మేడం. కళ్లతో నేర్చుకోవాలట. దుబాయి రేసుకు పేరు ఇచ్చేశాం.

తమ్ముడు జబీ గాడు నన్ను వేపుకుతింటున్నాడు. నేను కుర్చీలో కూర్చుని నమాజ్ చేస్తుంటే పక్కన నిలబడి, "నానీ, మీ కళ్లజోడు తెచ్చివ్వమంటారా?" అంటాడు, నేనేదో అమ్మమ్మనైనట్టు. ఏడో తరగతి వాడికి ఇంత నోరేంటో. అబ్బా ఈ మధ్య తొందరగా ఇంటికొస్తున్నాడు, వాడి చెవి మెలిపెట్టే పని ఆయనకే అప్పగించాను.

నువ్వు పంపిన చేతి తొడుగులు సరిపోయాయి. ఉంటాను.

ఇష్రత్


రియాద్,
నవంబరు, నీ ఉత్తరం అందిన రోజే

ఇష్రత్,

పదిహేడేళ్ల పిల్లవు. నమాజ్ కుర్చీలో ఎందుకు చేస్తున్నావు?

సజ్దాలో నుదురు నేలకు ఆనించడానికి మోకాలు వంగడం లేదు, అంతే కదా? రెండు వారాలుగా దిబ్బ పైనే నిలబడుతున్నావంటే అది కళ్లతో నేర్చుకోవడం కాదు, కుంటుతూ దాచుకోవడం. మీ మేడానికి కూడా చెప్పలేదని అర్థమవుతోంది. చెప్పుంటే ఆమె నిన్ను దిబ్బ ఎక్కనిచ్చేది కాదు.

గురువారం బస్సెక్కి రా. సుభాని మామకు చెప్పాను. స్కాన్‌కు సమయం తీసుకున్నాను. అమ్మీకి కూడా చెప్పాను. కోపం వస్తే రానీ.

ఫౌజియా


దమ్మామ్,
డిసెంబరు

ఖాలా,

వచ్చింది కోపం. ఇంకా పోలేదు.

మోకాలి లోపలి వైపు లిగమెంట్ కొంత చిరిగిందని నువ్వు తెర మీద చూపించినప్పుడు నేను ఏడవలేదని ఆసిఫా అక్క మెచ్చుకుంది. బస్సులో ఏడ్చాను. సుభాని మామ పాపం, ఏం చేయాలో తెలీక దారిలో రెండుచోట్ల బస్సాపి చాయ్ ఇప్పించాడు.

నేను నిన్న రేసులో ఉండాల్సిన సమయానికి ఇంట్లో మంచం మీద కాలు చాపి కూర్చున్నాను. మేడం దుబాయి నుంచి వీడియో పంపింది. దిబ్బల మీద నేను ఎప్పుడూ ఓడించే అమ్మాయికి నాలుగో స్థానం వచ్చింది. అమ్మీ నా వెనకే నిలబడి చూసి, "ఇంత వేగంగా పోవాల్నా?" అంది. దానికంటే తిట్టుంటే బాగుండేది.

నువ్వు అమ్మీకి చెప్పకుండా ఉండాల్సింది. నేనే చెప్పేదాన్ని, రేసయ్యాక. అవును, తెలుసు, రేసయ్యాక చెప్పడానికి మోకాలు మిగిలేది కాదంటావు. నువ్వు చెప్పింది నిజమైనా నాకు కోపమే.

ఇప్పుడు పని సంగతి. మేడం గుల్మార్గ్ వాళ్లకు రాసింది. రాష్ట్రం తరఫున పేరు పంపితే రావచ్చట, కానీ ఒక్క రేసు ఫలితం కూడా లేదు కాబట్టి అందరి తర్వాత, చిట్టచివర బయలుదేరాలి. అంటే అందరూ తొక్కి తవ్వేసిన మంచు నాకు. మేడం, "ఆలోచించుకో. వచ్చే ఏడాది కూడా ఉంది" అంది. నేను ఆలోచించుకోలేదు. వెంటనే సరేనన్నాను.

నువ్వు రాసిచ్చిన వ్యాయామాలు పొద్దున, సాయంత్రం చేస్తున్నాను. గోడకు ఆనుకుని కూర్చునేది చేస్తుంటే తొడలు వణుకుతాయి. అప్పుడు నిన్ను తిట్టుకుంటాను, బలం వస్తుంది. తర్వాత ఏం చేయాలో రాయి.

ఇష్రత్


రియాద్,
జనవరి

ఇష్రత్ బేటీ,

నువ్వు సెలవులకు ఇక్కడ ఉండి వెళ్లాక గది బోసిపోయింది. ఆసిఫా ఇప్పటికీ పొద్దున్నే గోడకు ఆనుకుని కూర్చుని, నీకంటే ఎక్కువసేపు ఉండగలనని పందెం కాస్తోంది.

ఇక్కడి మంచు పార్కులో పిల్లలు ట్యూబుల మీద జారే ఆ చిన్న వాలు మీద, ఇంకా తలుపులు తీయకముందు నువ్వు మొదటిసారి దిగిన పొద్దు నాకు గుర్తుండిపోతుంది. మేనేజరును బతిమాలి నేను సాధించిన అనుమతి అది, మర్చిపోకు. ముప్పై అడుగుల వాలుకు నువ్వు హెల్మెట్ పెట్టుకుని, దవడ బిగించి, హిమాలయాల మీంచి దిగుతున్నట్టు దిగావు. నేను నీ ముఖం చూడలేదు, మోకాలినే చూశాను. అది లోపలికి ఒరగలేదు. అంతే చాలనుకున్నాను.

ఇకనుంచి ఒంటికాలి మీద కూర్చుని లేవడం మొదలుపెట్టు, అద్దం ముందు. వాపు వస్తే ఆపు. నెలాఖరుకు ఇసుక మీద మెల్లగా మొదలుపెట్టవచ్చు. కడ్డీలు మాత్రం ఫిబ్రవరిలోనే. మీ మేడంతో మాట్లాడాను, ఆమె నాకంటే కఠినంగా ఉంది, నాకు నచ్చింది.

అబ్బా ఎందుకు పగలంతా ఇంట్లోనే ఉంటున్నాడని వెళ్లేటప్పుడు అడిగావు. గోదాములో పని తగ్గిందేమో. నువ్వు నీ కాలి మీద దృష్టి పెట్టు.

ఫౌజియా ఖాలా


దమ్మామ్,
ఫిబ్రవరి

ఖాలా,

పని తగ్గిందేమో అని రాశావు. నీకు తెలుసు. మొత్తం తెలుసు.

జబీ స్కూల్లో ఆఫీసు గుమాస్తా వాణ్ణి పిలిచి, "టీసీ ఎప్పటికి కావాలో మీ నాన్ననడుగు" అన్నాడట. వాడు ఇంటికొచ్చి ఏడుస్తూ నాకు చెప్పాడు. నేను అబ్బాను అడిగాను. ఆయన నా ముఖం చూడకుండా, "కంపెనీ ఇక్కడి గోదాము మూసేస్తాంది పాపా. పండగైనాక ఫైనల్ ఎగ్జిట్, అంతా సర్దుకోని మన ఊరికి పోవాల. నీ పోటీ అయిపోయినాక చెప్దామనుకుంటిమి" అన్నాడు. నవంబరు నుంచి మీ అందరికీ తెలుసట.

నేను మోకాలు దాచినందుకు నువ్వు నాకు సగం కాగితం ఉత్తరం రాశావు, గుర్తుందా? మరి నువ్వు దాచిన దానికి నేను ఎంత రాయాలి?

వచ్చే ఏడాది కూడా ఉందని మేడం అన్నప్పుడు, నాకు తెలీకపోయినా, అలాంటిదేమీ లేదని మీకు తెలుసు. ప్రొద్దుటూరులో మంచు లేదు. ఇసుక దిబ్బలు లేవు. జుమానా మేడం లేదు. నేను నా చివరి సీజన్‌లో దిగుతున్నానని నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

నిన్నంతా స్కీలు అటక మీద పెట్టేసి ముసుగు తన్ని పడుకున్నాను. అమ్మీ రెండుసార్లు తలుపు తట్టింది. ఇవాళ పొద్దున లేచి నేనే దింపుకున్నాను. ఒక్కటే అవకాశం ఉన్నప్పుడు దాన్ని అలిగి పోగొట్టుకోవడానికి నేనేమీ చిన్నపిల్లను కాదు. కానీ నీ మీద మాత్రం అలిగాను.

ఇష్రత్


రియాద్,
ఫిబ్రవరి

ఇష్రత్,

సగం కాగితం కాదు, నువ్వు ఎంత రాసినా తక్కువే. నేను చెప్పి ఉండాల్సింది.

మీ అబ్బా నవంబరులోనే నాకు ఫోన్ చేశాడు. "దానికి మోకాలి దెబ్బ ఒకటి తగిలింది, ఇది రెండోది గాకుండా జూడు ఫౌజియా" అన్నాడు. ఖలందర్ బావ నన్ను ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. కాదనలేకపోయాను. అయినా ఆయన మాట కోసం నీకు అబద్ధం రాశాను, అది నా తప్పే. నీకు షరతు పెట్టిన దాన్ని నేనే కదా.

ఇప్పుడు నిజం చెబుతున్నాను, విను. ఇది చివరి సీజనో కాదో నాకు తెలీదు. మీ మేడానికీ తెలీదు, బావకూ తెలీదు. నీ మోకాలి గురించి మాత్రం నాకు తెలుసు. అది రేసుకు సిద్ధంగా ఉంది. పూర్తిగా నయమైందని అనను, సిద్ధంగా ఉందంటున్నాను. దాన్ని నమ్ము.

బావ నీతో గుల్మార్గ్ వస్తున్నాడట, తిరిగి రావడానికి రీ-ఎంట్రీ వీసా తీసుకున్నాడని అక్క చెప్పింది. ఆయనకు మంకీ టోపీ కొనిపెట్టు. చలికి చెవులు పట్టేస్తాయి.

అలిగినా సరే, రేసు అయ్యాక నాకే మొదట రాయి.

ఫౌజియా ఖాలా


గుల్మార్గ్,
ఫిబ్రవరి చివర

ఖాలా,

నీకే మొదట రాస్తున్నాను. ఇది ఫోటో తీసి పంపుతాను, కాగితం నేను తిరిగి వచ్చాక ఇస్తాను. అబ్బా పక్కన కాంగ్‌డీ అనే బొగ్గుల కుంపటి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, దుప్పటి అంటుకుంటుందని చెబితే వినడు.

నిన్న స్లాలమ్. ముందు అనుకున్నట్టే నన్ను చిట్టచివర నిలబెట్టారు. బయలుదేరే చోట నిలబడి కిందికి చూస్తే వాలంతా తెల్లగా కాదు, బూడిద రంగులో ఉంది. ప్రతి కడ్డీ చుట్టూ అంతకు ముందు దిగిన పిల్లలు చేసిన గాడి, లోపల గట్టి మంచు. నా ముందు నిలబడ్డ హిమాచల్ అమ్మాయి నా చొక్కా మీద ఆంధ్రప్రదేశ్ అని చదివి, "వహాఁ బర్ఫ్ కహాఁ గిర్తీ హై?" అని అడిగింది. మా దగ్గర మంచు పడేది ఫ్రిజ్‌లో అని చెప్పాను. ఇద్దరం నవ్వాం. భయం కొంచెం తగ్గింది.

సగం దాకా బాగానే దిగాను. తర్వాత ఒక ఎర్ర కడ్డీ దగ్గర స్కీ కొస గాడిలో పట్టుకుంది. కడ్డీకి అవతలి నుంచి తిరగాల్సిన దాన్ని ఇవతల పడ్డాను. పడి, జారి, ఆగాను. మొదట మోకాలు తడిమి చూసుకున్నాను. బాగుంది. పక్కన నిలబడ్డ వాలంటీరు జెండా పట్టుకుని "హో గయా, బేటా, సైడ్ మే ఆ జావో" అన్నాడు, అయిపోయింది పక్కకు వచ్చేయమని.

అయిపోలేదు ఖాలా. స్లాలమ్‌లో వదిలేసిన కడ్డీ దగ్గరికి మళ్లీ ఎక్కి, దాని చుట్టూ తిరిగి దిగవచ్చు, వెనకాల వచ్చేవాళ్లకు అడ్డం రాకపోతే. నా వెనక ఎవరున్నారు? నేనే ఆఖరు. చివర నిలబెట్టినందుకు మొదటిసారి సంతోషించాను. స్కీలు అడ్డంగా పెట్టి ఎక్కడం మొదలుపెట్టాను. కింద ఎవరో నవ్వారు, ఎవరో చప్పట్లు కొట్టారు. అబ్బా గొంతు ఒక్కటే స్పష్టంగా వినిపించింది. "ఎక్కు పాపా, ఎక్కు! తొందరేం లేదు, ఎక్కు!" రేసులో తొందరేం లేదని అరిచిన తండ్రి ఈయనొక్కడే అయ్యుంటాడు.

కింది దాకా వచ్చాను. ఫలితాల్లో అందరికన్నా కింద నా పేరు. కానీ పేరుంది. పడి పక్కకు తప్పుకున్న వాళ్లకు అది కూడా లేదు, వాళ్లు రెండోసారి దిగరు. నేను దిగుతాను.

మధ్యలో విరామం ఇచ్చారు. అబ్బా అక్కడి వాళ్ల ఉప్పు చాయ్ తాగలేక ముఖం ముడుచుకుంటూ, "కాళ్లు నొప్పి పెట్టినాయా?" అన్నాడు. లేదన్నాను. "నువ్వు దిగేటప్పుడు ఒక సంగతి జూసినా పాపా. మిగతా పిల్లోళ్లు ఆ గుంతల కాడ ఎగిరెగిరి పడతాండ్రు. నువ్వు మాత్రం అణిగి పోతాండావు, మన ఇసుకలో పోయినట్లే." అప్పుడు అర్థమైంది నాకు. మంచు నున్నగా ఉంటే నేను వాళ్లలో ఒకదాన్ని. గాళ్లు పడి బరువెక్కితే అది నా దిబ్బే. తొందరపెట్టకూడదు, బయటి కాలి మీద బరువు వేసి, అది వదిలేదాకా ఆగాలి. ఇన్ని శుక్రవారాలు మేడం నా చేత చేయించింది అదే.

రెండోసారి కూడా చివరనే. ఈసారి కిందికి చూడలేదు, ముందున్న రెండు కడ్డీలనే చూశాను. ఏం జరిగిందో సగం గుర్తు లేదు. ఎర్ర కడ్డీ భుజానికి తగిలిన చప్పుడు, ఊపిరి, మళ్లీ నీలం కడ్డీ. ఎక్కడా మోకాలి గురించి ఆలోచించలేదు ఖాలా. అది నీకు చెప్పాలి.

రెండో పరుగు ఒక్కదాన్నే చూస్తే నాది మూడో వేగం. రెండూ కలిపితే పద్నాలుగో స్థానం. పతకం లేదు, ఫోటో లేదు. మొదటి పరుగులో పడకపోయుంటే అని అబ్బా లెక్క మొదలుపెట్టాడు, వద్దన్నాను. పడ్డాను, ఎక్కాను, పద్నాలుగు.

సాయంత్రం జూనియర్ శిబిరం చూసే మేడం ఒకావిడ మా గది వెతుక్కుంటూ వచ్చింది. "రెండో పరుగు నీదేనా? ఏ కొండ మీద నేర్చుకున్నావు?" అంది. దమ్మామ్ దగ్గర ఇసుక మీద అంటే నమ్మలేదు. అబ్బా ఫోన్‌లో వీడియో చూపించాడు. మే నెలలో మనాలి దగ్గర శిక్షణ శిబిరముంది, రావాలంది. అక్కడ బాగా చేస్తే చలికాలమంతా వాళ్లతోనే. నేను అబ్బా వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ఆవిడతో, "మేడం, పిల్ల అన్నం తింటుంది, చపాతీ తినదు. ఫర్వాలేదా?" అని హిందీలో అడుగుతున్నాడు.

అలక పోయింది.

ఇష్రత్


రియాద్,
రంజాన్ మొదటి వారం

నా ఇష్రత్,

ఇఫ్తార్ ముందు నీ ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. తెలుగు రానివాళ్లకు ఆసిఫా అరబ్బీలో, హిందీలో చెప్పింది. నువ్వు పైకి ఎక్కే చోటికి వచ్చేసరికి మోకాలు మార్పించుకున్న ఒక సౌదీ ముసలాయన మంచం మీద లేచి కూర్చుని, "యల్లా, యల్లా!" అంటూ నిన్ను తొందరపెట్టాడు. రెండు రోజులుగా ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి నేను పడ్డ పాట్లు నీకు తెలీవు.

మనాలికి వెళ్లు. అమ్మీతో ఈసారి నేను మాట్లాడను. నువ్వే మాట్లాడు.

ఫౌజియా ఖాలా


దమ్మామ్,
పండగ తర్వాత

ఖాలా,

ఇల్లంతా అట్టపెట్టెలు. ఎల్లుండి ప్రయాణం. నువ్వు విమానాశ్రయానికి వస్తానన్నావు, కానీ ఇది నోటితో చెబితే సరిగ్గా రాదు.

అమ్మీతో మనాలి మాట ఎత్తాను. పెట్టెకు టేపు అంటిస్తూ ఉండిపోయింది. నిన్న శుక్రవారం చివరిసారి దిబ్బలకు బయలుదేరుతుంటే అబాయా వేసుకుని వచ్చి కారులో కూర్చుంది. నోరు తెరవబోయిన జబీని అబ్బా సైగ చేసి ఆపాడు.

జుమానా మేడం కడ్డీలు పాతి ఉంచింది. అమ్మీ చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసుకలో దిగబడుతూ, దిబ్బ సగం దాకా ఎక్కి అక్కడే నిలబడింది. నేను పై నుంచి దిగాను. ఆమెను దాటేటప్పుడు ఓరగా చూశాను, కళ్లు తెరిచే ఉన్నాయి. కింద ఆగి వెనక్కి చూస్తే ఆమె నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. ఏడుస్తోందేమో అనుకుని స్కీలు విప్పి పరుగెత్తుకుంటూ ఎక్కాను.

ఏడవట్లేదు. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కడ్డీల వైపే చూస్తోంది.

"ఆ మూడో కట్టె కాడ నువ్వు రోంత ముందే తిరిగితివి," అంది. "మిగతావాటి కాడ ఆగినట్ల ఆగల్యా."

మేడానికి తెలుగు రాదు కదా, ఏమందని అడిగింది. చెప్పాను. మేడం మూడో కడ్డీ వైపు చూసి, "ఆమె చెప్పింది నిజం" అంది.

అమ్మీ తన చెప్పులు నా చేతికిచ్చి, ఇంకాస్త పైకి, మూడో కడ్డీ సరిగ్గా కనిపించే చోటికి ఎక్కి నిలబడింది.

"ఇంగోసారి దిగు," అంది. "ఆ మనాలిలో ఎట్లాగూ రోజూ నేనుండను గదా."

చెప్పులు ఆమె పక్కనే పెట్టి, స్కీలు భుజాన వేసుకుని నేను మళ్లీ పైకి ఎక్కాను.

నీ
ఇష్రత్